మిస్ అర్నెతా సీరియల్

కొత్తగా వచ్చిన హైస్కూలు మాస్టారు మిస్ అర్నెతాని నోరు మూసుకోమన్నాడట. ఈ మాట మాకు సిస్టర్ యులా చెప్పింది. యులాకి వాళ్ళ చెల్లెలు చెప్పింది. ఆ చెల్లెలు ఆ శుక్రవారం చర్చి హాలు వెనక వంటింట్లో చేపలు వేయిస్తూ ఉంది కాబట్టి కళ్ళతో చూసింది లేదు, చెవులతో విన్నదీ అంతంతమాత్రమే. అయినా ఆదివారం ఆరాధన ముగిసేసరికి మాస్టారు ముసలావిడ మీద చెయ్యెత్తాడని కూడా ఒకరన్నారు.

జరిగింది మాత్రం ఇంతే. చీకటి హాల్లో ఆవిడ వెనక వరసలో కూర్చుని, మర్యాదగానే, "ష్" అన్నాడు.

బయటివాళ్ళకి ఇది చిన్న సంగతిలా కనబడుతుంది. మా సీడార్ క్రీక్‌లో కాదు. అక్కడ ఆడుతున్నది మిస్ అర్నెతా సీరియల్; మనవలెత్తిన పెద్దావిడనైనా మేం గౌరవానికి మిస్ అనే అంటాం. బానిసత్వం మీద ఏనాడో టీవీలో వచ్చిన ఎనిమిది భాగాల కథ అది. అది మొదటిసారి వచ్చిన వారం కరోలినా తీరం పొడుగునా మా నల్లవాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగించిన ఆడది లేదంటారు. అప్పట్నుంచీ ఏటా చలికాలంలో, శుక్రవారానికో భాగం చొప్పున, న్యూ బెతెల్ చర్చి హాల్లో ఆవిడ దాన్ని వేయిస్తూనే ఉంది.

మేం దాన్ని నోరు మూసుకుని చూడం. ప్రసంగంలో పాస్టర్‌కి ఎలా వంత పలుకుతామో తెరకీ అలాగే పలుకుతాం. కొరడా పట్టుకున్నవాడు కనబడగానే ముందు వరసల్లోంచి తిట్లు మొదలవుతాయి. పారిపోయే కుర్రాడికి దారి చెబుతాం. "ఏటివైపు పోరా, ఏటివైపు" అని మిస్ అర్నెతా ఇన్నేళ్ళుగా మొత్తుకుంటోంది. వాడు ఇన్నేళ్ళుగా రోడ్డువైపే పరిగెత్తి పట్టుబడుతున్నాడు. సరిగ్గా ఆ మొత్తుకోళ్ళ మధ్యలోనే మాస్టారు "ష్" అన్నది.

మాస్టారి పేరు లామార్. ఒహాయో నుంచి వచ్చాడు. అక్కడ వాళ్ళ చర్చిలో పక్కగదిలో పసిపిల్ల నిద్రపోతున్నట్టు చప్పుడు చెయ్యకుండా కూర్చుంటారట. పైగా అతని నెత్తిన పాస్టర్ బ్రైట్ ఒక పని పెట్టాడు. సీరియల్‌కి కుర్రకారు రావడం మానేశారు, దీన్ని ఆపేద్దామని పాస్టర్‌కి ఉంది. ఆ మాట మిస్ అర్నెతా మొహం మీద చెప్పే ధైర్యం లేదు. అందుకని చరిత్ర చెప్పే మాస్టారే మొత్తం చూసి, ఇది ఈ రోజులకి నిలబడుతుందో లేదో ఆఖరి శుక్రవారం అందరి ముందూ చెబుతాడని ప్రకటించేశాడు. నిలబడదంటే వచ్చే ఏడు నుంచి ఉండదు. పాపం లామార్ ప్రతి మాటా వినాలనుకున్నాడు, అంతే.

ష్ అన్న మర్నాడు పొద్దున్నే అతను జడలు పేనే రోషెల్ దుకాణానికి వెళ్ళాడు. భుజాల దాకా పేనిన జడలు అతనివి, మొదళ్ళు వదులయ్యాయి. వాటిని మళ్ళీ పేనగలిగిన చెయ్యి మా ఊళ్ళో ఒక్కటే ఉంది. ఆ చెయ్యి మిస్ అర్నెతా మనవరాలిదని అతనికి ఎవరూ చెప్పలేదు.

రోషెల్ అతన్ని కుర్చీలో వెనక్కి వాల్చి, తల తొట్లో పెట్టి, గోరువెచ్చని నీళ్ళు వదిలింది. లామార్ కళ్ళు మూసుకున్నాడు. ఆ వేళ్ళు తగలగానే ఒహాయో నుంచి వెంట తెచ్చుకున్న చలి అంతా దిగిపోయినట్టయింది.

"మా మామ్మని నోరు మూసుకోమన్నది నువ్వేనా?" అంది రోషెల్, ఏ సబ్బు వాడతావని అడిగినంత నెమ్మదిగా.

కుళాయి చన్నీళ్ళవైపు తిరిగింది.

"నోరు మూసుకోమనలేదండీ. ష్ అన్నాను."

"మా మామ్మకి డెబ్బై తొమ్మిది. ఆవిణ్ణి ష్ అన్నవాళ్ళలో ఇప్పుడు బతికున్నది నువ్వొక్కడివే."

అతను వణుకుతూనే పాస్టర్ అప్పజెప్పిన పని సంగతి చెప్పుకున్నాడు. అయితే సీరియల్ ఎలా ఉందని ఆమె అడిగింది. తల ఆమె చేతుల్లో ఉన్నప్పుడు తెలివైనవాడెవడూ జవాబు చెప్పడు. లామార్ చెప్పాడు. కథ నత్తనడక. మన తీరమంటూ చూపించిన చోట కొండలున్నాయి, ఇక్కడ కొండలెక్కడివి? ఓడ కింద అరలో అంతమంది గొలుసుల్లో మూలుగుతుంటే కెమెరా పైకి పోయి తెల్ల కెప్టెన్ మనసు ఎంత నొచ్చుకుంటోందో చూపిస్తుంది. ఆ రోజుల్లో తెల్లవాళ్ళు టీవీ కట్టెయ్యకుండా ఉండటానికి చేసిన ఏర్పాటది. ఇక ఆ విగ్గులు.

విగ్గులు అనగానే ఆమె వేళ్ళు ఆగాయి.

"ఆ తెర మీది పిల్ల నెత్తిన పెట్టింది విగ్గు కాదు, చచ్చిన ఉడత" అంది రోషెల్. అని నాలిక కరుచుకుంది. "ఆ మాట నేననొచ్చు. నువ్వనకూడదు."

"ఎందుకండీ?"

"నువ్వింకా మావాడివి కాలేదు గనక."

లామార్ డబ్బులిచ్చి, తడిసిన కాలరుతో ఇంటికి వెళ్ళాడు. దారంతా ఆ 'ఇంకా' గురించే ఆలోచించాడు.

ఆ తర్వాత అతని జడలు అదేపనిగా వదులవడం మొదలుపెట్టాయి. ఇన్నిసార్లు పేనితే కుర్రాడికి నెత్తి బోడవుతుందని సిస్టర్ యులా బెంగపడింది. శుక్రవారాలు అతను రోషెల్ పక్క కుర్చీలోకి మారాడు. విరామంలో ఆమె తెచ్చిన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఇద్దరూ ఒకే పొట్లంలోంచి తినేవారు. తొక్కలు మాత్రం ఎవరివి వాళ్ళ రుమాల్లో వేసుకునేవారు, చూసేవాళ్ళకి మర్యాదగా ఉండాలని.

ఆరో శుక్రవారం వాన పట్టుకుంది. మా హాలుది రేకుల కప్పు. తెర మీద తల్లినీ కూతుర్నీ విడదీసి కూతుర్ని అమ్మేసే ఘట్టం వచ్చేసరికి, వాన చప్పుడులో ఒక్క మాటా వినబడటం మానేసింది. ఎవరూ లేచి సౌండు పెంచలేదు. అవసరం లేకపోయింది. తల్లి మాటలు మిస్ అర్నెతా చెప్పింది. అమ్మేవాడి మాటలు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు కాబట్టి వాడు ఊరికే పెదాలు కదిపాడు. కూతురు బండిలోంచి చేతులు చాచినప్పుడు హాల్లో ముసలీ ముతకా అందరూ కలిసి ఆ పిల్ల పేరు పిలిచారు.

అంతలో వెనకనుంచి ఒక గొంతు వానని మించి వినబడింది. "దాన్ని వదలరా దొంగవెధవా."

చూస్తే, ఒహాయో మాస్టారు నిలబడి ఉన్నాడు. పిడికిలి గాల్లో ఉంది.

మిస్ అర్నెతా వెనక్కి తిరగనైనా లేదు. "కూర్చో నాయనా, వెనకవాళ్ళకి తెర కనబడటం లేదు" అంది.

రోషెల్ అతని చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. లాగిన చెయ్యి వదలడం మర్చిపోయింది. దీపాలు వెలిగాక యులా దగ్గింది గానీ లేకపోతే రాత్రంతా మర్చిపోయి ఉండేదేమో.

అక్కణ్ణుంచి లామార్‌కి నిద్ర పట్టలేదు. సీరియల్ బాగుందని అబద్ధమాడలేడు, బాగాలేదంటే ఆ ముసలావిడ జీవితంలో సగం తన నోటితో ఆపించినవాడవుతాడు. ఆపించినవాడికి మనవరాలి పక్కన కుర్చీ ఎవరిస్తారు? ఆఖరి వారం కుర్చీలో వాలి, ఏం చెప్పమంటావని రోషెల్‌నే అడిగాడు.

"నన్నడక్కు" అంది ఆమె. "నిజం చెబితే మామ్మ నీ మొహం చూడదు. నా కోసం అబద్ధం చెబితే నేను చూడను."

"మరి నాకు మిగిలిందేమిటి?"

"పేనాల్సిన జడలు రెండు మిగిలాయి. కదలకు."

ఆఖరి శుక్రవారం గోడల పక్కన కూడా నిలబడ్డారు. కొన్నేళ్ళుగా మొహం చూపించని కుర్రకారంతా తగువు జరుగుతుందన్న ఆశతో వచ్చారు. టమాటా ఎర్రన్నం, వేయించిన చేప, చిలగడదుంప తీపిరొట్టె బల్లల మీదున్నాయి. ఎనిమిదో భాగం అయిపోయింది. పాస్టర్ మైకు లామార్ చేతికిచ్చి, తాను తలుపుకి దగ్గరగా నిలబడ్డాడు.

లామార్ నిజమే చెప్పాడు. కథగా ఇది ఈ రోజులకి నిలబడదన్నాడు. కొండల గురించీ కెప్టెన్ గురించీ చెప్పాడు. ఉడత గురించి కూడా చెప్పాడు, ఎవరన్న మాటో మాత్రం చెప్పలేదు. ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. మిస్ అర్నెతా టోపీ మీది ఈక కూడా కదల్లేదు.

ఆ తర్వాత అతను గొంతు సవరించుకున్నాడు. తల్లీకూతుళ్ళని విడదీసే ఆ ఆరో భాగం తన క్లాసులో వేస్తే పిల్లలు నిద్రపోయారని, ఇక్కడ చూస్తే మాత్రం తానే కుర్చీలో కూర్చోలేకపోయానని అన్నాడు. దీన్ని ఇంట్లో ఒక్కడూ కూర్చుని చూస్తే తప్పులే కనబడతాయని, ఈ హాల్లో చూస్తే మనుషులు కనబడతారని అన్నాడు. ఆపొద్దన్నాడు. అయిపోగానే ఇళ్ళకి పోకుండా దీపాలు వేసి పిల్లల్ని అడగనివ్వండి, కొండలు అబద్ధమని చెప్పండి, ఏది నిజమో కూడా చెప్పండి, ఆ చెప్పేవాళ్ళలో నేనూ ఉంటానన్నాడు.

అందరి తలలూ మిస్ అర్నెతావైపు తిరిగాయి. ఆవిడ తాపీగా కళ్ళజోడు తుడుచుకుంది. అది బాగుందని తానెప్పుడన్నానని అడిగింది. మొదటి రాత్రే వాళ్ళాయన ఆ కెప్టెన్ గడ్డం ఊడిపోతోందని నవ్వి సోఫా మీంచి పడ్డాడట. కానీ అదే రాత్రి, ఎన్నడూ పాత సంగతులెత్తని వాళ్ళ నాన్న, తన నాయనమ్మని ఏ రేవులో దించారో చెప్పాడట. బాగుందని కాదు, మాట్లాడిస్తుందని వేయిస్తున్నానంది. పిల్లల ప్రశ్నలకి మాస్టారే జవాబు చెప్పాలని తీర్మానించింది. పాస్టర్ తలుపు దగ్గర్నుంచి ముందుకొచ్చి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

హాలంతా చప్పట్లు. లామార్ అక్కడితో మైకు కింద పెట్టి ఉంటే సరిపోయేది. పక్కన రోషెల్ పళ్ళెంలో తీపిరొట్టె ముక్క ఒకటి, ఫోర్కులు రెండు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ రెండో ఫోర్కు చూడగానే అతనికి ఒళ్ళు తెలియలేదు. పిల్లని అడగాలంటే ముందు పెద్దల్ని అడగాలని ఒహాయోలో వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి గుర్తొచ్చింది.

"మిస్ అర్నెతా" అన్నాడు మైకులోనే, "మీ రోషెల్‌ని నాకివ్వండి."

యులా చేతిలో గరిటె అక్కడే ఆగింది. మిస్ అర్నెతా అతన్ని జడల నుంచి బూట్ల దాకా ఒకసారి చూసింది.

"ఇవ్వడానికి అది నా సొత్తా? నోరున్న మనిషి నీ పక్కనే నిలబడి ఉంటే నన్నడుగుతావేంటి? ఎనిమిది శుక్రవారాలు కూర్చుని ఆ తెర మీద నువ్వు చూసిందేమిటి మరి?"