గోడ అలమరలో పాట

ఆ పొద్దున రవిచంద్రగారింట్లో హార్మోనియం మోగింది. మోగితే వింతేముంది, సంగీత దర్శకుడి ఇల్లే కదా అంటారేమో! సినిమా పని మీద ఆ పెట్టె మోగి ఏడేళ్లయింది. అందుకే వంటింట్లో ఆయన భార్య పుష్పవల్లి గరిట పట్టుకునే కళ్లు తుడుచుకుంది, పెనం మీద పెసరట్టు మాడిపోయింది. ఆ ఇంట్లో మాడినందుకు ఎవరూ విసుక్కోని మొదటి అట్టు అదే.

ఒకప్పుడు రవిచంద్ర ట్యూన్లు ఆటోల్లో, పెళ్లిళ్లలో మోగేవి. వరసగా రెండు సినిమాలు పోయేసరికి ఫోన్లు ఆగిపోయాయి. ఇన్నాళ్లకి కమలాకర్ అనే కొత్త దర్శకుడు ఫిల్మ్‌నగర్‌లోని ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఆయన కూనిరాగంగా వినిపించిన ఓ ట్యూన్ విని, "అన్నా, గిదే నా సినిమాకు పానం" అని కావలించుకుని వెళ్లాడు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి జూబ్లీహిల్స్‌లో రికార్డింగ్. పేరున్న గాయని వస్తుంది. ఆవిడ విని నేర్చుకోవడానికి ముందుగా ఎవరైనా ట్రాక్ పాడిపెట్టాలి. సరిగ్గా ఎనిమిదింటికి, ట్రాక్ పాడాల్సిన అమ్మాయికి గొంతు పట్టేసిందని ఫోనొచ్చింది.

"భువనా! ఇలా రా. నువ్వు పాడు," అన్నాడు రవిచంద్ర.

కూతురు భువన కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. రెండేళ్ల కిందట, "నాన్నా, నేను సినిమాల్లో పాడతాను" అని అడిగిన రోజున ఇదే మనిషి, ఇదే గదిలో, ఏమన్నాడో ఆమె మర్చిపోలేదు. "నీది సన్న గొంతమ్మా. పనికిరాదు." అంతే, ఆ రోజు నుంచి తండ్రి ఎదుట భువన నోరు విప్పి ఒక్క ముక్క పాడలేదు. అలాంటిది ఈ రోజు ఆయనే పిలుస్తున్నాడు! పరుగున వెళ్లి పక్కన కూర్చుంది.

ఆయన వాయిస్తూ ఒక్కో లైను తననాలతో చెప్పాడు. ఆమె అన్నది. రెండో లైనూ అన్నది. మూడో లైను ఆయన ఇంకా చెప్పనేలేదు, భువన గొంతు దానంతటదే పైకెళ్లి, ఓ చోట చిన్నగా విరిగి, కిందికి దిగింది.

"అరె! నేర్పకుండానే పట్టేశావే! నా కూతురివనిపించావు!" అంటూ తొడ చరిచాడు రవిచంద్ర.

భువన మొహంలో రంగు పోయింది.

"నాన్నా, ఇది హనేకో పాట."

"ఎవరే ఆవిడ?"

"మీరు జపాన్ గోల అంటారే, ఆ అమ్మాయి."

హనేకో అంటే భువనకి ప్రాణం. ఎక్కడో జపాన్‌లో ఓ చిన్న గదిలో కూర్చుని తనే రాసి, తనే కట్టి, తనే పాడి ఇంటర్నెట్‌లో పెడుతుంది. మొహం ఎప్పుడూ చూపించలేదు. బట్టల అలమరలో దుప్పట్ల మధ్య నిలబడి రికార్డ్ చేస్తానని ఒకసారి చెప్పింది. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా, పనికిరాదన్న మాట విన్న రోజున భువనకి తోడుగా నిలిచినవి ఆ పాటలే. ఆమె ఫోన్ తీసి పాట పెట్టింది.

నిమిషం గడిచింది. రవిచంద్ర లేచి నిలబడ్డాడు.

"నా ట్యూన్ కొట్టేసిందా?"

"మూడేళ్ల కిందటి పాట నాన్నా. కోట్లమంది విన్నారు."

"అయితే నేను దొంగననా నువ్వనేది?" ఆయన గొంతు వీధిలోకి వినపడింది. "ఈ పాట నా జన్మలో వినలేదు! మీ అమ్మ మీద ఒట్టు! మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి చెవిలో తిరుగుతుండేది. ఇన్నేళ్లకి దేవుడు కరుణించాడనుకున్నాను!"

పుష్పవల్లి పరుగెత్తుకొచ్చింది. విషయం విని కూతురి చెయ్యి పట్టుకుంది. "ఊరుకోవే తల్లీ. ఒక్క పాట. పోలికలు ఎక్కడ లేవు చెప్పు? ఆయన మొహం చూడు, ఏడేళ్ల తర్వాత కాస్త మనిషిలా ఉన్నారు."

భువన చూసింది. తను నోరు మూసుకుంటే చాలు. సాయంత్రానికి నాన్న మళ్లీ సంగీత దర్శకుడు. కానీ పాట విడుదలైన గంటలో ఎవడో ఒకడు రెండూ పక్కపక్కన పెట్టి ఊరంతా పంచుతాడు. అప్పుడు ఏడేళ్లు కాదు, ఇక ఎప్పటికీ తల ఎత్తలేడు. పైగా ఆ పాట ఆ అమ్మాయిది. దాన్ని ఇంకొకరి పేరు మీద తను ఎలా పాడుతుంది?

"నేను పాడనమ్మా. నాన్నని పాడించనివ్వను కూడా," అంది.

"నీకు కోపం! పనికిరావన్నానని కక్ష!" అన్నాడు రవిచంద్ర.

ఆ మాటకి భువన కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. అయినా కదల్లేదు. నాన్నకి నోరు దురుసే గానీ అబద్ధం ఆడే మనిషి కాదు. మరి ఎలా వచ్చింది ఈ ట్యూన్? మధ్యాహ్నం కునుకు... ఆమె చూపు హార్మోనియం వెనక గోడ మీద ఆగింది. నాన్న రోజూ చాప వేసుకుని పడుకునేది ఆ గోడ పక్కనే. అవతలి వైపు తన గది. సరిగ్గా అక్కడే తన బట్టల అలమర.

అయ్యో రామా!

"నాన్నా, రోజూ పడుకునే చోటే పడుకోండి. ఒక్క ఐదు నిమిషాలు. మీకు దణ్ణం పెడతాను," అని తన గదిలోకి వెళ్లింది.

అలమర తెరిచింది. లోపల రజాయి, రెండు దుప్పట్లు మేకులకి వేలాడుతున్నాయి. హనేకోని చూసి చేసుకున్న ఏర్పాటే అది. నాన్న నిద్రపోయే వేళ, ఎవరికీ వినపడకుండా, రెండేళ్లుగా తను హనేకో పాటలు పాడుకునే చోటు. తలుపుకీ రెండు పక్కలకీ దుప్పట్లు కట్టింది గానీ, వెనక గోడకి కట్టాలని తోచలేదు. ఒంటి ఇటుక గోడ! లోపలికి దూరి, తలుపేసుకుని, ఆ పాట మొదటి నుంచి చివరిదాకా పాడింది.

తిరిగొచ్చేసరికి రవిచంద్ర చాప మీద కూర్చుని ఉన్నాడు. అరచెయ్యి గోడకి ఆనించి ఉంది. చెంపలు తడిసిపోయాయి.

"ఇదే," అన్నాడు. "నా చెవిలో తిరిగేది ఇదే."

తర్వాత ఆయన కమలాకర్‌కి ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, ఆ ట్యూన్ నాది కాదు. తెలియక చేశాను. వేరేవాళ్ల పాట."

"గంతేనా అన్నా? ఫికర్ జెయ్యకు. జర రెండు స్వరాలు అటూఇటూ మార్చు. ఎవలికి తెలుస్తది?"

రవిచంద్ర భువన వైపు చూశాడు. "మా అమ్మాయికి తెలుసు తమ్ముడూ."

"ఇంకోటున్నదా అన్నా?"

"లేదు. వారం ఇవ్వు, చేస్తాను."

"నిర్మాత ఏమంటడో నాకు తెల్వదన్నా. ఇయ్యాల రికార్డింగ్ అయితే బంద్ పెడుతున్న."

పుష్పవల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రవిచంద్ర మాత్రం ఫోన్ పక్కన పెట్టి, నెమ్మదిగా లేచి, కూతురి గదిలోకి నడిచాడు. వేలాడుతున్న దుప్పట్లు ఒక్కోటీ తాకి చూశాడు.

"ఎండాకాలం కూడా ఇందులోనేనా? ఉక్క పోయదుటే?"

"పోస్తుంది నాన్నా."

"పనికిరాదన్నానని ఇందులో దాక్కున్నావా? ఏడేళ్లలో పొద్దున లేవబుద్ధయింది ఈ రెండేళ్లే. అదంతా ఆ ట్యూన్ మహిమ అనుకున్నాను. నువ్వా తల్లీ..." భువన ఆయన భుజం మీద మొహం పెట్టి భోరుమంది.

కాసేపటికి రవిచంద్ర కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మేకుల నుంచి దుప్పట్లు తీసి, మడతపెట్టి, మంచం మీద వేశాడు. పక్క గది నుంచి హార్మోనియం మోసుకొచ్చి అలమర ముందు పెట్టుకున్నాడు.

"వారంలో కొత్తది కట్టాలి. ట్రాక్ నువ్వే పాడాలి. ముందు ఆ పిల్ల పాట ఒక్కసారి పాడు, కళ్లారా చూస్తూ వింటాను," అన్నాడు.

భువన గది మధ్యలో నిలబడి, కిటికీ బార్లా తెరిచి, గొంతు సవరించుకుంది.