వరస కలిపిన మెసేజ్

సోమవారం ఉదయం తొమ్మిదిన్నర.

మాచవరం రోడ్డులోని ధనుంజయ మిర్చి నర్సరీ గేటు ముందు ఆ వేళకి ట్రాక్టర్లు బారులు తీరి ఉండాలి. ఒక్కటీ లేదు.

లోపల షేడ్‌నెట్ కింద ఎనిమిది లక్షల మిర్చి మొక్కలు ట్రేల్లో నిలబడి ఉన్నాయి. వయసు నలభై రోజులు. ఇంకో రెండు రోజుల్లో పొలంలో పడకపోతే ముదిరిపోతాయి. ఆ తర్వాత పెంటలో పారబోయడమే.

నరసరావుపేట సైబర్ సెల్ ఎస్సై హన్నమ్మ జీపు దిగింది. యజమాని ధనుంజయరావు ఎదురొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టుకుని ఉన్నాడు.

"ఏడూ అయిదుకి వెళ్లింది మేడం ఆ మెసేజ్. మా నర్సరీ పేరు మీదే. నారుకి వైరస్ తగిలిందంట, మాకు పోటీగా ఉన్న ఉపేంద్ర నర్సరీకి పోవాలంట. నాకూ వచ్చింది. సగం చదివి ఇటు పరిగెత్తా."

ఆరు వందల నలభై మంది రైతులకి ఫోన్లు చేసి నారు సిద్ధమైందని చెప్పలేక, ఈ ఏడాది ఎస్సెమ్మెస్‌లు పంపే కంపెనీని పెట్టుకోవాలనుకున్నాడు ధనుంజయరావు. రెండు కంపెనీలు వచ్చాయి. గుంటూరు కంపెనీది వారంగా ట్రయల్ నడుస్తోంది. దొంగ మెసేజ్ ఆ ట్రయల్ అకౌంట్‌లోంచే వెళ్లింది.

"పాస్‌వర్డు ఎంతమందికి తెలుసు?"

"ముగ్గురికి. కంపెనీ ఏజెంటు గోపీచంద్. మా ఆఫీసులో కంప్యూటర్ చూసే లహరి. మా బావమరిది కృష్ణచైతన్య."

"మీకు?"

"నాకవేం తెలుసు మేడం. చైతన్యని మాత్రం వదిలెయ్యండి. పదో క్లాసు నుంచి నేను పెంచిన బిడ్డ. ఏ కంపెనీ మంచిదో చూడమని కూడా వాడికే ఒప్పజెప్పా."

హన్నమ్మ తల ఊపింది కానీ ఎవర్నీ వదల్లేదు. పెంచిన బిడ్డల మాట ఆమె ఈ ఉద్యోగంలో చానాసార్లు విని ఉంది.

ముందు గోపీచంద్.

"మీ రేటు ఎక్కువని, విజయవాడ కంపెనీకి ఇస్తామని శనివారం చెప్పారంట. నిజమేనా?"

"నిజమే."

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. అందుకని మా కంపెనీ పరువు నేనే తీసుకుంటానా మేడం?"

"లాగిన్ ఎక్కడి నుంచి?"

"ఎవరిదో మొబైల్ డేటా. ఏడూ రెండుకి. ఫోన్ ఎవరిదో మాకు తెలీదు."

టెలికాం వాళ్లనడిగితే తెలుస్తుంది. కానీ జవాబు రావడానికి నాలుగు రోజులు. నారుకున్నది రెండు రోజులు.

"ఎన్ని మెసేజ్‌లు వెళ్లాయి?"

"నాలుగు వందల పన్నెండు."

హన్నమ్మ ఆ అంకె నోట్‌బుక్‌లో రాసుకుంది. తర్వాత లహరిని పిలిచింది.

"రైతుల లిస్టు ఎవరి దగ్గరుంది?"

"నా కంప్యూటర్లోనే మేడం. కంపెనీ ఏదో తేలేదాకా ఎవరికీ ఇవ్వద్దన్నారు సార్. చైతన్య గారడిగినా ఇవ్వలేదు."

"పేర్లు ఎట్టా ఎక్కించావు?"

"పొలం పట్టా పుస్తకంలో ఎట్టా ఉంటే అట్టా. ఇంటిపేరుతో సహా."

"మీ తమ్ముడు ఉపేంద్ర నర్సరీలో పనిచేస్తాడంట?"

లహరి మొహం పాలిపోయింది. "చేస్తాడు. వాడు ట్రేలు మోస్తాడు మేడం, మెసేజ్‌లు పంపడు."

ఆ సంగతి హన్నమ్మ చెవిన వేసింది కృష్ణచైతన్యే. ముప్ఫై ఏళ్లవాడు. నెమ్మదస్తుడు. ఎస్సైకి టీ తనే తెచ్చాడు, బావకి మంచినీళ్లు తనే ఇచ్చాడు. "ఆడపిల్ల, కేసు దాకా వద్దు మేడం. మందలించి వదిలేద్దాం," అన్నాడు.

పదకొండూ ఇరవైకి ఒక ముసలాయన మోపెడ్ మీద వచ్చాడు. గోపాలరావు. నడికుడి దగ్గర ఆరెకరాల రైతు. గేటు దగ్గరే గొంతెత్తాడు.

"ఏందిరా ధనుంజయా, నారంతా పోయిందంట?"

"పోలా బాబాయ్. నువ్వే చూడు, నవనవలాడతా ఉంది."

"మరి నాకట్టా పంపించావేంది? ఆప్యాయంగా వరస కలిపి పంపితే అబద్ధమని ఎట్టా అనుకుంటా?"

హన్నమ్మ ఆయన ఫోన్ అందుకుంది. రెండుసార్లు చదివింది.

"నమస్తే గోపాలరావు మామ గారూ. మీ నారు వైరస్ తగిలి పోయింది. నారు కోసం ఉపేంద్ర నర్సరీకి వెళ్లండి."

ఆమె ఫోన్ తిరిగిచ్చేసి గోపీచంద్ వైపు తిరిగింది. "వెళ్లిన నాలుగు వందల పన్నెండూ ప్రింటు తీసివ్వు."

రెండు గంటలపాటు ఆమె ఆ కాగితాల ముందు నుంచి లేవలేదు. మధ్యలో ధనుంజయరావుని రెండే ప్రశ్నలు అడిగింది.

"మాచవరం కోటమ్మ గారిని మీరేమని పిలుస్తారు?"

"పిన్ని అంటాను."

"మీది మేనరికమా?"

"కాదు మేడం, బయటి సంబంధం. ఎందుకు?"

ఆమె ఇంకో కాగితం తిప్పింది.

రెండున్నరకి అందర్నీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టింది.

"లహరి లిస్టులో ఆరు వందల నలభై మంది. మెసేజ్ వెళ్లింది నాలుగు వందల పన్నెండు మందికి. అంటే ఆ లిస్టు దొంగకి దొరకలేదు. తన ఫోన్‌లో ఉన్న నంబర్లనే ఎక్కించాడు. పేర్లు ఎట్టా సేవ్ చేసుకున్నాడో మెసేజ్‌లోనూ అట్టాగే పడ్డాయి. గోపాలరావు మామ. కోటమ్మ అత్త."

ఆమె ప్రింటు కాగితాలు బల్ల మీద పరిచింది.

"ఈ పల్నాట్లో షాపువాడు మామా అన్నా, అత్తా అన్నా ఎవరికీ వింత కాదు. అందుకే ఒక్క రైతుకీ అనుమానం రాలేదు. కానీ వరస ఒక్కొక్కరికీ ఒక్కో రకం. గుంటూరు నుంచొచ్చిన గోపీచంద్‌కి వీళ్లెవరో తెలీదు. లహరి గోపాలరావు గారిని తాతయ్య అంటుంది. ధనుంజయరావు గారికి ఆయన బాబాయ్, కోటమ్మ గారు పిన్ని. బావగారి బాబాయ్ మామ అయ్యేది ఎవరికి?"

అందరి చూపులూ కృష్ణచైతన్య మీదికి మళ్లాయి. అతను తొణకలేదు.

"మా అక్క కూడా గోపాలరావు గారిని మామయ్యా అనే పిలుస్తుంది మేడం. అక్క ఫోన్‌లోనూ ఈ నంబర్లుంటాయి."

ధనుంజయరావు దిగ్గున తలెత్తాడు. ఆ మాట మెసేజ్ కంటే గట్టిగా తగిలింది ఆయనకి. భార్య సాయి ప్రియ తన చేతి గాజులమ్మి కట్టింది ఈ తమ్ముడి కాలేజీ ఫీజు.

"ఆ అనుమానం నాకూ వచ్చింది," అంది హన్నమ్మ. "ధనుంజయరావు గారూ, పొద్దున మీకొచ్చిన మెసేజ్ మొదటి లైను చదవండి. నారు పోయిందన్న ముక్క కాదు. దానికి ముందుది."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. కళ్లజోడు వెతుక్కున్నాడు. చదివాడు.

"నమస్తే బావ గారూ."

"మీ ఆవిడ మిమ్మల్ని బావ అంటుందా?"

"లేదు."

"మిగతా బావలందరికీ పేర్లున్నాయి. ఉత్త బావ అని ఉన్నది ఈ నాలుగు వందల పన్నెండులో మీ నంబరు ఒక్కటే. రైతులనుకుని వరసలున్న పేర్లన్నీ ఒక్కసారే సెలెక్ట్ చేశాడు. మీరూ అందులో ఉన్నారని చూసుకోలేదు."

కృష్ణచైతన్య బావ వైపు తిరిగాడు. నెమ్మదిగా అన్నాడు.

"పన్నెండేళ్లు చేశాను బావా. బోర్డు మీద నీ పేరే. బిల్లు మీద నీ పేరే. ఉపేంద్ర తన నర్సరీలో సగం వాటా ఇస్తానన్నాడు."

"నన్నడిగావా?"

కృష్ణచైతన్య జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్కసారన్నా అడిగావా రా? సగం కాదు, మొత్తం నీకే రాద్దామనుకున్నా. నాకెవరున్నారు?"

గది బయట కానిస్టేబుల్ కాలేబు జీపు స్టార్ట్ చేశాడు. కృష్ణచైతన్య వెళ్తూ గుమ్మంలో ఆగాడు. ధనుంజయరావు ముఖం తిప్పుకున్నాడు. పెంచిన చేతికే కాటు పడ్డప్పుడు మనిషి అరవడని హన్నమ్మకి అప్పుడే తెలిసింది.

మూడూ పదికి ఆయన లహరిని పిలిచాడు.

"నారు బాగానే ఉందని అందరికీ పంపమ్మా. ఆరు వందల నలభై మందికీ."

"పేర్ల దగ్గర ఏం పెట్టమంటారు సార్?"

"పట్టా పుస్తకంలో ఉన్నట్టే పెట్టు. వరసలొద్దు."

మెసేజ్ వెళ్లింది. గోపీచంద్ రిపోర్టు చూపించాడు, అందరికీ చేరింది. నాలుగైంది. రోడ్డు మీద ఒక్క ట్రాక్టరూ కనబడలేదు. మొక్కల మీద ఎండ వాలుతోంది.

నాలుగూ అయిదుకి ధనుంజయరావు ఫోన్ మోగింది. పొద్దున నారు చూసిపోయిన గోపాలరావే.

"ఒరేయ్ ధనుంజయా, ఇంకో దొంగ మెసేజ్ వచ్చిందిరా. యర్రంనేని గోపాలరావు గారూ అంట, కోర్టు నోటీసల్లే. ఈసారి మా ఊళ్లో ఎవరం నమ్మలా. పొద్దున నేను కళ్లారా చూశానన్నా వినరే, నువ్వు చెప్తేగానీ బండి కట్టరంట. ఇది పంపింది ఎవరు?"

ధనుంజయరావు హన్నమ్మ వైపు చూశాడు. హన్నమ్మ కళ్లతోనే చెప్పమంది.

"నేనే బాబాయ్," అన్నాడు. "నేనే పంపా. మనోళ్లందర్నీ తీసుకుని రా."