కొండ మీది షెడ్డులో రెండో ఊపిరి

కొలరాడో కొండల్లో, చెట్లు ఇక మొలవని ఎత్తున, మా ల్యాబుకి ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒంటరిగా పనిచెయ్యడానికి ఎవరూ ఒప్పుకోరు.

పని మాత్రం చిన్నదే. ఏ ఊరి పొగా తగలని కొండగాలిని తేమ తీసేసి సిలిండర్లలో నింపుతాం. గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో ఆ సిలిండర్లతోనే సరిచూస్తారు. అందుకే కొండగాలిని పీల్చే గొట్టం దగ్గరికి వెళ్తే మాకు ఊపిరి బిగబట్టడం అలవాటు.

అయినా చలికాలంలో కొన్ని సిలిండర్లు చెడి వచ్చేవి... పక్కన నిలబడి ఎవరో ఊపిరి వదిలినట్టు. షెడ్డులో దెయ్యం ఉందనేవాళ్లు.

"దెయ్యాలకి ఊపిరెక్కడిది, వెర్నా గారూ?" అని నవ్వేవాడు మాతో పనిచేసే లైల్.

"నీకుంది కదా. దాన్ని గొట్టానికి దూరంగా పెట్టుకో," అనేది మా పెద్ద మేడమ్ వెర్నా. తర్వాత జరిగింది నాకు చెప్పింది ఆవిడే.

ఒక ఫిబ్రవరిలో లైల్ ఒక్కడే వెళ్లాడు. చీకటి పడుతుండగా వాలు మీది మంచు జారి షెడ్డుని కప్పేసింది. తలుపు కదల్లేదు. కిటికీ లేదు. షెడ్డులోకి గాలి వచ్చే గొట్టం విరిగిపోయింది. ఉన్నవన్నీ ఇంకా నింపని సిలిండర్లే.

"తెల్లారేదాకా పైకి ఎవరూ రాలేరు," అంది వెర్నా కింద ల్యాబు నుంచి రేడియోలో. "కదలకుండా కూర్చో. మీటరు ఎంత చూపిస్తోంది?"

బయట గాలికి నాలుగు వందల చిల్లర చూపించే మీటరు — రెండు వేలు దాటింది. కాసేపటికి మూడు వేలు. తను వదిలిన ఊపిరే తన చుట్టూ పేరుకుంటోంది. తల దిమ్మెక్కుతోంది.

అవతల వెర్నా లెక్క వేస్తోంది.

"లైల్... నీతో ఎవరున్నారు?"

"ఎవరుంటారండీ?"

"ఒక్క మనిషి ఊపిరికి ఇంత త్వరగా పెరగదు."

లైల్ ఊపిరి బిగబట్టాడు. నిశ్శబ్దం... ఆపైన, కాళ్ల కింద — ఒక ఊపిరి. నెమ్మదిగా లోపలికి. చాలాసేపటికి, బయటికి.

"వినిపిస్తోంది," అన్నాడు గుసగుసగా. "నేల కింద..."

"వణక్కు. ఊపిరి తీస్తోందంటే బతికున్నదే. దానికి గాలి ఎక్కణ్ణించో వస్తోంది. వెతుకు."

పాకుతూ వెళ్లి, మూలనున్న నేలచెక్కని పానాతో పెకలించాడు. చల్లటి గాలి మొహానికి కొట్టింది. దాని వెనకే పచ్చి జంతువు వాసన. టార్చి వేశాడు.

నల్లటి బొచ్చు... లేస్తోంది, పడుతోంది.

"ఏముంది?"

"ఎలుగుబంటి. పొట్ట దగ్గర రెండు పిల్లలు... వెర్నా గారూ, కన్ను తెరిచింది."

"చెక్క మూసెయ్!"

"మూస్తే... నాకు గాలి?"

మాటల చప్పుడుకి అది పూర్తిగా మేలుకుంటుందని లైల్ రేడియో కట్టేశాడు.

తెల్లారి మంచు తవ్విన వాళ్లు కేకలు వేసుకుంటూ లోపలికి దిగారు. లైల్ బోర్లా పడుకుని ఉన్నాడు, ఆ కంతకి మొహం ఆనించి. తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచి, మెల్లగా మాట్లాడమని సైగ చేశాడు.