ఉడుత ఒక్కటే కలిసింది

అనిరుధ్ చేసే ఉద్యోగమేమిటో వాళ్ళమ్మ కామేశ్వరికి ఇప్పటికీ అర్థం కాలేదు. ఏలూరు పవరుపేటలో ఓ మేడ మీద ఏసీ గదిలో కూర్చుని, కంప్యూటర్‌లో వచ్చిన ఫొటో చూసి, అందులో గీతలు ఎలాంటివో ఇంగ్లీషులో చెప్పాలి. కంప్యూటర్‌కి చూపు నేర్పుతున్నామని అతను వివరిస్తే, దానికి చూపొచ్చేశాక మీకు జీతాలెవరిస్తారని అడిగిందావిడ.

పద్ధతి మాత్రం తేలికే. ఒకే ఫొటో ఇద్దరికి విడివిడిగా వస్తుంది. కింద ఆరు మాటలుంటాయి. తిన్నని చారలైతే స్ట్రైప్డ్, చెదిరిన గీతలైతే స్ట్రీక్డ్, ఒంటి చుట్టూ పట్టెలైతే బ్యాండెడ్, ఆకు మీద ఈనెలైతే వీన్డ్, ముసలి వేప బెరడులా లోతైన చాళ్ళైతే ఫర్రోడ్, గుమ్మడికాయ మీదలా ఉబ్బెత్తుగా ఉంటే రిబ్డ్. ఇద్దరూ ఒకే మాట నొక్కాలి. నొక్కేముందు ఒకరినొకరు అడక్కూడదు. జవాబులు కలవని జంటని ఇంటికి పంపేస్తారు.

అనిరుధ్‌కి జంటగా వేసిన అమ్మాయి పేరు హిమబిందు. అతనికి గీతన్నది ఏదైనా స్ట్రైప్డే. ఆమె ఒక్కో ఫొటోని పెళ్ళికొడుకుని చూసినట్టు చూసేది. మొదటి నెల సగం కూడా కలవలేదు. టీమ్ లీడర్ మెర్సీ గారు ఇంకో నెల గడువిచ్చి, తేడా వచ్చిన ఫొటోలు ఇద్దరికీ చూపించారు.

హిమబిందు నేరుగా అతని సీటు దగ్గరికొచ్చింది.

"ఏవండీ, ఈ కొరమీను మీద గీత ఎక్కడైనా తిన్నగా ఉందా?"

"మాది చేపల చెరువుల మండవల్లండి. కొరమీను గురించి నాకు చెప్పక్కర్లేదు."

"చేప మీకు తెలుసండి. చూడ్డమే తెలీదు."

పవరుపేటలో అంత మర్యాదగా ఎవరూ ఎవర్నీ తిట్టి ఉండరు. అనిరుధ్ నొచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ఊరికెళ్ళే బస్సు రైల్వే గేటు దగ్గర ఆగితే, పక్కన చేపల చెరువు గట్టు మీద ఓ గుడ్డికొంగ కనిపించింది. దాని మెడ నిండా గోధుమరంగు గీతలు, తడి చేత్తో చెరిపినట్టున్నాయి. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న కొంగే, కానీ ఆ మెడ చూడ్డం అదే మొదలు. ఆ అమ్మాయి అన్నది నిజమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక కోపం నిలవలేదు. మర్నాడు తన క్యారేజీ తీసుకెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

భోజనాల దగ్గర ఫొటోల ఊసు తప్ప అన్నీ మాట్లాడుకునేవారు. హిమబిందు వాళ్ళ నాన్న సూర్యనారాయణ గారు ఏలూరులో పురోహితులు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కూతురి పెళ్ళి ఊసెత్తనని మాటిచ్చారాయన. ఉద్యోగం పోయిందా, గణపవరం సంబంధం సిద్ధంగా ఉంది.

"అబ్బాయి మంచివాడేనండి," అంది హిమబిందు దిగులుగా. "వంక పెడదామంటే ఒక్కటీ దొరకట్లేదు."

అనిరుధ్ పెరుగన్నం సగంలోనే క్యారేజీ మూసేశాడు. అప్పటికే ఆ అమ్మాయిని ప్రేమించేశాడు. దీనికి మాత్రం ఆరు మాటల్లో వెతుక్కునే పని పడలేదు. తన ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, ఆమె ఉద్యోగం నిలవాలి. అందుకని ఆ నెలంతా తనకి కనిపించింది పక్కన పెట్టి, ఆమైతే ఏమంటుందో అదే నొక్కాడు. ఓ మధ్యాహ్నం వానొచ్చి కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతుంటే, ఇద్దరూ ఒకేసారి అటు చూసి, ఒకేసారి ఒకరినొకరు చూసుకుని, ఏమీ ఎరగనట్టు పనిలో పడ్డారు. ఇంక గట్టెక్కినట్టేనని అతను అనుకున్నాడు.

నెలాఖరున మెర్సీ గారు ఇద్దర్నీ పిలిచి తలుపేశారు.

గీత కనపడితే చాలు స్ట్రైప్డ్ అనే మనిషి, ఈ నెల ఆ మాట ఉడుతకి తప్ప దేనికీ వాడలేదట. ప్రతిదానికీ తర్కం తీసే అమ్మాయి, నెలంతా స్ట్రైప్డ్ తప్ప ఇంకో మాట నొక్కలేదట.

"ఉడుత ఒక్కటే కలిసింది," అన్నారు మెర్సీ గారు. "కళ్ళు మూసుకుని నొక్కినా ఇంతకన్నా కలుస్తాయండి. ఏం చేశారు మీరు?"

హిమబిందు తల దించుకుంది. "ఆయనైతే ఏం నొక్కుతారో అదే నొక్కానండి. ఆయన ఉద్యోగం పోకూడదని."

"నేనూ అంతేనండి," అన్నాడు అనిరుధ్.

మెర్సీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తన సర్వీసులో ఇంత చక్కగా కుదిరిన జంటని చూడలేదన్నారు. రూలు ప్రకారం ఇద్దర్నీ తీసేస్తున్నానని కూడా అన్నారు.

మెట్లు దిగేసరికి బయట వాన. హిమబిందు క్యారేజీ పట్టుకుని వసారాలో నిలబడింది. అనిరుధ్‌కి ఏడుపొక్కటే తక్కువ. అంతా తనవల్లే అయిందని క్షమాపణ మొదలెట్టాడు. ఆమె సగంలోనే ఆపింది.

"గణపవరం వాళ్ళు ఆదివారం వస్తారండి." వానకేసి చూసింది. "మీరు శనివారం రండి. మీ అమ్మగార్నీ నాన్నగార్నీ తీసుకుని."

"నాకు ఉద్యోగం లేదు కదండీ."

"నాకూ లేదుగా."

"మరి, మీకిష్టమేనా?"

"ముందు మీరు చెప్పండి," అంది హిమబిందు. "నేనేమంటానో ఊహించి కాదు. మీ మనసులో ఏముందో అది చెప్పండి."

"నాకు మీరంటే చాలా ఇష్టమండి."

"నాక్కూడానండి."

వాన తగ్గలేదు. ఇద్దరికీ తొందరా లేదు. హిమబిందే క్యారేజీ చెయ్యి మార్చుకుని అంది.

"పదిన్నర దాటాక రండేం. శనివారం తొమ్మిదింటినించీ రాహుకాలం. నాన్నగారు తలుపు కూడా తియ్యరు."