కంప్యూటరుకు పెట్టిన బొట్టు

మా అత్త రాజ్యలక్ష్మమ్మ దినాల నాడు స్టూడియో నుంచి ఆమె ఫోటో ఫ్రేము రాలేదు. పొద్దున్నుంచి బద్వేలులో కరెంటు లేదు. మా ఇంట్లో అన్నీ ఇన్వర్టరు మీదే నడుస్తున్నాయి. అయ్యవారు తొందరపెట్టేసరికి మా ఆయన వాసుదేవ్ కంప్యూటరు తెచ్చి పీట మీద పెట్టాడు.

"అమ్మ ఫోటో దీంట్లో ఉండాది గదా. దీనికే పెట్టు శ్రీవాణీ."

పాత ఫోటోల్లో వెతికి, అత్త ఒక్కతే ఉన్నది తెరిచాను. తెర నిండా ఆమె ముఖం. నుదురు ఉన్నచోట అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టాను. మానిటరుకు బంతిపూల దండ వేశాం. నవ్వొచ్చే పనే. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఆమె పోయినప్పటి నుంచి వచ్చినవాళ్లకు వండి పెట్టడంతోనే సరిపోయింది. లోపలంతా మొద్దుబారిపోయింది.

మధ్యాహ్నానికి చుట్టాలు భోంచేసి వెళ్లిపోయారు. వాసుదేవ్ వరండాలో నడుం వాల్చాడు. ఏడేళ్ల మా భువన పక్కగదిలో నిద్రపోతోంది. కిటికీలు మూసినా ఎండ సెగ లోపలికి కొడుతోంది. హాలంతా అగరువత్తుల వాసన, వాడిన పూల వాసన. విస్తళ్లు ఎత్తుతూ తెరవైపు చూశాను.

అత్త లేదు.

ఫోటోలు వాటంతటవే మారుతున్నాయి. వాసుదేవ్ ఏదో నొక్కి ఉంటాడనుకున్నాను. దండ, బొట్టు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మా దుకాణం ఫోటో వస్తే బొట్టు షట్టరు మీద పడింది. తర్వాత గోడ మీద. తర్వాత ఆకాశం మీద...

తర్వాత గండికోట. బండ మీద భువన. బొట్టు సరిగ్గా దాని నుదుటి మీద.

ఫోటో ఇక మారలేదు.

ఆ రోజు భువన చెమటకు బొట్టు తుడిచేసుకుంది. అత్త కుంకుమ భరిణె పట్టుకుని దాని వెంటపడింది. "బోసి మొగం పెట్టుకోని తిరగగూడదు, రామ్మా." అది దొరకలేదు. ఫోటో బోసి ముఖంతోనే తీశాం.

మనుషుల్లో దండ వేసి, ఫోటో అద్దానికి బొట్టు పెట్టేది పోయినవాళ్లకే. మీటలన్నీ నొక్కాను. ఫోటో కదల్లేదు. దండ లాగి పారేశాను. కొంగుతో తెర తుడిచాను. కొంగుకు ఎర్రగా అంటింది. మళ్లీ తుడిచాను... బొట్టు పోలేదు. వేలితో తడిమాను. అద్దం నున్నగా ఉంది.

బొట్టు లోపలుంది...

ప్లగ్గు పీకేసి భువన దగ్గరికి పరుగెత్తాను. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి ఆడుతోంది. నుదురు ఖాళీగానే ఉంది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. భయపడాలని తెలుస్తోంది గానీ, ఆ భయం కూడా ఎక్కడో దూరంగా ఉంది.

వీధి తలుపు చప్పుడైంది. స్టూడియో లాజరు ఫ్రేము తెచ్చాడు.

"ఆలస్యమైపాయక్కా."

వాసుదేవ్ కాగితం విప్పి అలాగే నిలబడిపోయాడు. ఫ్రేములో గండికోట. భువన. నుదుట ఎర్రటి బొట్టు.

"ఏందప్పా ఇది? నేనిచ్చింది మా అమ్మ ఫోటో."

"మొన్న నువ్విచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఇదొక్కటే ఉండాదన్నా. చిన్నబిడ్డ పాయనే అని నాకు శానా బాధైంది. బొట్టు గూడా దాంట్లో ఉండిందే. నేను పెట్టలేదు."

మొన్న... నేను కుంకుమ పెట్టింది ఈ పొద్దున.

పక్కగదిలో మంచం కిర్రుమంది. భువన నిద్రమత్తు గొంతు, గుసగుసగా వినిపించింది.

"కదలనులే అవ్వా... పెట్టు."