తేమ కోతకు సరేనన్న రైతు

"జమ్మికుంట మార్కెట్ యార్డు. పది నలభై. బాంబు పత్తిలో ఉంటుంది." హైదరాబాద్ నుంచి వచ్చిన బ్రీఫింగ్ అంతే!

ఏజెంట్ అవేజ్ చెమట తుడుచుకున్నాడు. అతనిది పత్తి ఖరీదుదారు గుమాస్తా వేషం. చేతిలో తేమ కొలిచే మీటర్, దాని సూదిలో ల్యాబ్ వాళ్లు దాచిన మెటల్ డిటెక్టర్. టైము పది ముప్పై నాలుగు. ఎదురుగా నాలుగు వందల ట్రాలీలు. ఒక్క నిప్పురవ్వ పడితే యార్డులో జనమంతా బూడిదే.

టార్గెట్, యార్డు చూడటానికి వచ్చిన బ్రిటన్ వాణిజ్య ప్రతినిధి హార్లన్. ఒకప్పుడు మన పత్తిని ఓడల్లో మోసుకెళ్లి, బట్ట నేసి మనకే అమ్మిన దీవి అది. సామ్రాజ్యం పోయింది, దర్జా మిగిలింది. ఇప్పుడు ఒప్పందం కుదుర్చుకుందామని చెయ్యి చాపుతూ వచ్చింది. హార్లన్ ఇక్కడ చస్తే ఒప్పందం మట్టి కొట్టుకుపోతుంది. బాంబు పెట్టిన విదేశీ ముఠాకు కావలసిందీ అదే.

హార్లన్ పక్కన ఇంటర్‌ప్రెటర్ నిఖిత. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలు. ముఠా జీతం తింటూ మనకు కబుర్లు పంపే డబుల్ ఏజెంట్. ఆమె కళ్లద్దాలు తీసింది. కోడ్ అది: బాంబు లోపలికి వచ్చేసింది. ఏ ట్రాలీలో ఉందో పాపం ఆమెకూ తెలియదు.

పదకొండు ట్రాలీల్లో సూది గుచ్చాడు అవేజ్. ఒక్కటీ మోగలేదు. పది ముప్పై ఎనిమిది!

"గింత పరేషాన్ ఏంది బిడ్డా?" రాలిన పత్తి ఊడ్చే సత్తమ్మ అడిగింది.

"కొత్త మనిషి ఎవలన్న కనవడ్డడా అవ్వా?"

"గా నీలం ట్రాలీ రైతు. తేమ ఉన్నదని ధరల కోత పెడితే సరే అన్నడు. కయ్యం పెట్టుకోలే, బతిలాడలే. వాడు రైతేనా?"

అవేజ్ నీలం ట్రాలీ వైపు తిరిగాడు. కోతకు నోరెత్తని రైతు ఈ యార్డులో ఇంకా పుట్టలేదు!

పరుగెత్తాడు. హార్లన్ అప్పటికే ఆ ట్రాలీ దగ్గర నిలబడి ఉన్నాడు. సూది గుచ్చగానే మీటర్ కీచుమంది. దొంగ రైతు పిస్తోలు తీశాడు.

ధన్!

కూలింది వాడే. నిఖిత హ్యాండ్‌బ్యాగుకు చిల్లు పడి, అందులోంచి పొగ వస్తోంది.

అవేజ్ భుజం దాకా పత్తిలో చెయ్యి దూర్చి స్టీలు టిఫిన్ డబ్బా లాగాడు. దాని టైమర్‌లో ఇంకా పదిహేను సెకన్లే. "జరగుండ్రి!" అని అరుస్తూ పక్కనే ఉన్న ఫైరింజన్ నీళ్ల తొట్టిలోకి విసిరాడు. తొట్టి పగిలి నీళ్లు తాటిచెట్టంత ఎత్తు ఎగిరాయి. నిప్పు మాత్రం లేవలేదు. తడిసిన పత్తికి కోత పెట్టొద్దని రైతులు అప్పుడే కయ్యం మొదలుపెట్టారు.

హార్లన్ తడిసిన కోటు దులుపుకుని, నేలమీది పత్తి చూపించి ఏదో అడిగాడు.

"గుర్తుగా గుప్పెడు తీసుకోవచ్చా అంటున్నారు," చెప్పింది నిఖిత.

సత్తమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"తాతలు ఓడలకు ఓడలు అడగకుండనే తీస్కపోయిన్రు. ఈయన అడిగిండు గదా. తీస్కపో బిడ్డా!"