పేరు చెప్తేనే తొవ్వ

పొద్దున్నే కూతురు రవళి తెచ్చిన చాయ్ అంజయ్య ముందు చల్లారిపోతోంది. మూడు రోజులుగా ఆయన అలకలో ఉన్నాడు, అలకకు వయసుతో పనేముంది. మొన్న సంగారెడ్డిలో డాక్టర్ జ్ఞాపకశక్తి పరీక్ష పెడుతూ, "మీ ఆయన పేరేంటమ్మా?" అంటే భార్య బీరమ్మ తల దించుకుని ఊరుకుంది. డాక్టర్ కాగితం మీద మరో ఎర్రగీత గీసి, మెదడుకు స్కానింగ్ రాశాడు.

"లే నాయినా, స్కానింగ్‌కు పోవాలె, కంపెనీకి సెలవు పెట్టిన. అమ్మ పుస్తెలు గూడ తీసియ్యాలె. ఆ మిషిన్ల మెడల ఏం ఉండొద్దన్నరు," అంది రవళి.

"తియ్యనియ్య. నా పేరే మరిసింది. ఇగ అవి గూడ పోతే ఆమెకు నేనెవర్ని?"

వాకిట్లో చిక్కుడుకాయలు ఏరుతున్న బీరమ్మ చేట పక్కన పెట్టి లోపలికి వచ్చింది.

"ఎవలు మరిసిన్రు? పరాయి మొగాయన ముంగట మొగని పేరు చెప్తరా? సిగ్గుండొద్దా?"

బీరమ్మ భర్త వైపు తిరిగింది.

"ఒక్కపారే చెప్పిన. పెండ్లయి వచ్చిన నాడు మీ అక్క ఆగమ్మ గడపకు అడ్డం నిలవడి, పేరు చెప్తేనే తొవ్వ అన్నది. నేను చెప్పంగనే నువ్వు సంబురపడి చెప్పులతోనే లోపటికొచ్చి తిట్లు తింటివి. యాదిలేదా?"

అంజయ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "చూసినవా బిడ్డా? మీ అమ్మకు ఏం కాలే. స్కానింగ్ వద్దు, ఏం వద్దు."

"మరి నిన్న నీళ్లు పొయ్యకుంటనే కుక్కర్ల బియ్యం పెట్టిందెవరు నాయినా? ఇంటి తొవ్వ తెల్వక భానూర్ రోడ్డు మీద నిలవడ్డదెవరు?"

బీరమ్మే పుస్తెలు తీసి భర్త చేతిలో పెట్టింది.

"నాకు తెలుస్తున్నది. లోపట ఏందో జారిపోతున్నది. సూడనీ."

ఆస్పత్రిలో స్కానింగ్ మిషన్ దడదడలు వినిపించినంత సేపూ అంజయ్య గుప్పిలి విప్పలేదు.

సాయంత్రం డాక్టర్ కంప్యూటర్‌లో బొమ్మ చూపించాడు. జ్ఞాపకాలు నిలిపే చోటు వయసుకు మించి చిక్కిపోయిందట. ఇది మొదలేనని, మందులతో కొంత నెమ్మదించవచ్చు గానీ ఆపలేమని చెప్పాడు. పేరు సంగతి రవళి చెబితే నవ్వి ఆ ఎర్రగీత కొట్టేశాడు. మిగతా గీతలు కొట్టేయలేదు.

ఇంటి ముందు ఆటో దిగగానే అంజయ్య గబగబా వెళ్లి గడపకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"పేరు చెప్తేనే తొవ్వ. ఇగ రోజూ చెప్పాలె."

"బిడ్డ సూస్తున్నది."

"సూడనీ. నీకు యాదికి రాని నాడు నేనే చెప్పి లోపటికి తోల్కపోత."

బీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంజయ్య," అంది చిన్నగా.

ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చేతులు మాత్రం దించలేదు.

"ఇనవడలే. ఇంకొక్కపారి చెప్పు."